విదేశాలకు వెళ్లే ముందూ, వెళ్లాకా: బ్యాంకు కాగితాలు, వీసా లెక్కలు సర్దుకోవడం ఎలా?

నేను చూసినంతలో మన గుంటూరు, విజయవాడ వైపు డబ్బు లేక వీసా ఆగినవాళ్ల కంటే, డబ్బుండీ అది ఎక్కడి నుంచి వచ్చిందో కాగితం మీద చూపించలేక ఆగినవాళ్లే ఎక్కువ. మన దగ్గర డబ్బు బ్యాంకులో కూర్చోదు కదా. కొంత కోల్డ్ స్టోరేజీలో మిర్చి టిక్కీల (బస్తాల) రూపంలో ఉంటుంది. కొంత చీటీల్లో, కొంత రెండు రూపాయల వడ్డీకి ప్రామిసరీ నోట్ల మీద తిరుగుతుంటుంది. మిగిలింది బంగారం. పిల్లలకు అడ్మిషన్ లెటర్ రాగానే ఇవన్నీ ఒకేసారి కదిలించి ఖాతాలో వేస్తాం. వీసా ఆఫీసరుకు కనిపించేది మాత్రం నిన్నటిదాకా 40 వేలున్న ఖాతాలో ఇవాళ ఊడిపడ్డ 25 లక్షలు.

బ్యాంకు ఉద్యోగిగా కౌంటరు లోపలి నుంచీ, తండ్రిగా బయటి నుంచీ ఈ తతంగం చూసినవాడిని. చదువుకు వెళ్లేవాళ్లు, ఉద్యోగానికి వెళ్లేవాళ్లు, వాళ్ల అమ్మానాన్నలు ఏ పని ఎప్పుడు చేయాలో వరసగా చెప్తాను. మొదటి రెండు పనులకే ఎక్కువ నెలలు పడతాయి కాబట్టి వాటి దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను.

1. మీరు వెళ్లే దేశం ఏం అడుగుతుందో ముందు తెలుసుకోండి

"ఫండ్స్ చూపించాలంట" అని అందరూ ఒకే మాట అంటారు గానీ, ఒక్కో దేశానిది ఒక్కో లెక్క. పక్కింటి అబ్బాయి కెనడాకు ఏం పెట్టాడో అడిగి, మీ అమ్మాయి లండన్ ఫైలు తయారుచేస్తే పని జరగదు.

ఇంగ్లండ్ స్టూడెంట్ వీసాకు కావలసిన మొత్తం ఖాతాలో వరసగా 28 రోజులు ఉండాలి. మధ్యలో ఒక్కరోజు ఆ అంకె కంటే తగ్గినా లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. ఆ 28వ రోజు, మీరు అప్లికేషన్ వేసే తేదీకి 31 రోజుల లోపే ఉండాలి. చూపించాల్సింది మొదటి ఏడాది ఫీజులో మిగిలిన భాగం, దాంతోపాటు గరిష్ఠంగా 9 నెలల ఖర్చులు. 2025 నవంబరు నుంచి ఆ ఖర్చు లండన్‌లో అయితే నెలకు 1,529 పౌండ్లు, బయట అయితే 1,171 పౌండ్లు. ఖాతా విద్యార్థి పేరున గానీ అమ్మానాన్నల పేరున గానీ ఉండాలి. అమ్మానాన్నల ఖాతా అయితే బర్త్ సర్టిఫికెట్, ఆ డబ్బు వాడుకోవడానికి మాకు సమ్మతమే అని వాళ్లు రాసిచ్చిన లెటరు జతచేయాలి. "మా తమ్ముడు డాలస్‌లో ఉన్నాడు, వాడి ఖాతా చూపిద్దాం" అంటే కుదరదు. షేర్లు, పీఎఫ్, ఓవర్‌డ్రాఫ్ట్ లిమిట్ కూడా లెక్కలోకి రావు. ఊళ్లో పరపతి సంఘం పాస్‌బుక్ జోలికి అసలు పోకండి. ఆన్‌లైన్‌లో సరిచూసుకునే వీలున్న బ్యాంకులోనే పెట్టండి.

జర్మనీ వాళ్లది వేరే పద్ధతి. ఏడాదికి 11,904 యూరోలు బ్లాక్డ్ అకౌంట్‌లో ముందే వేయాలి. అక్కడికి వెళ్లాక నెలకు 992 యూరోల చొప్పున మన చేతికి వస్తాయి. నా దృష్టిలో అన్నిటికంటే సూటి పద్ధతి ఇదే. కెనడాలో ఎస్‌డీఎస్ అనే వేగపు దారి 2024 నవంబరు 8తో మూసేశారు. జీఐసీ, అంటే కెనడా బ్యాంకులో ముందే వేసే డిపాజిట్, ఇప్పటికీ మంచి ఆధారమే. 2025 సెప్టెంబరు నుంచి క్యూబెక్ తప్ప మిగతాచోట్ల ఒక్క మనిషికి ఏడాది ఖర్చు కింద 22,895 కెనడా డాలర్లు చూపించాలి, ఫీజు, ప్రయాణ ఖర్చు కాకుండా. ఆస్ట్రేలియాకు ఏడాది బతుకు ఖర్చు 29,710 ఆస్ట్రేలియా డాలర్లని 2024 మేలో పెట్టారు.

అమెరికాలో ఇన్ని రోజులు ఉంచాలన్న నియమం లేదు. యూనివర్సిటీ పంపే ఐ-20 అనే పత్రం మీద ఒక మొత్తం ఉంటుంది, అది మీరు కట్టగలరని ఆఫీసరు నమ్మాలి. హైదరాబాద్ నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో కిటికీ ముందు నిలబడ్డప్పుడు చాలామందిని కాగితాలు చూపించమని కూడా అడగరు. "మీ నాన్నగారు ఏం చేస్తారు? ఆదాయం ఎంత?" అంతే. ఆ రెండు ముక్కలకు ఇంట్లోవాళ్లందరూ ఒకటే జవాబు చెప్పగలగాలి. నాన్న చేసేది వ్యవసాయమైతే వ్యవసాయమనే చెప్పండి. దాన్ని "అగ్రి బిజినెస్" అని దిద్దితే తర్వాతి ప్రశ్నకే తడబడతారు.

ఈ అంకెలు మారుతూనే ఉంటాయి. అప్లికేషన్ వేసే వారంలో ఆ దేశపు ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఒకసారి సరిచూసుకోండి. కన్సల్టెన్సీ వాళ్ల వాట్సాప్ మెసేజ్ చాలదు.

2. ప్రతి రూపాయికీ ఓ కాగితం పుట్టించండి

కనీసం ఆరు నెలల ముందు మొదలుపెట్టండి. ఇంట్లో డబ్బు ఎక్కడెక్కడ ఉందో ఒక కాగితం మీద రాసుకుని, ఒక్కొక్క దాన్ని బ్యాంకు దారిలోకి తీసుకురండి.

మిర్చి అమ్మిన డబ్బయితే యార్డులో కమిషన్ ఏజెంటు ఇచ్చే పట్టీ (అమ్మకం లెక్క చీటీ) దాచండి. డబ్బు నగదుగా తీసుకోకుండా ఖాతాలో వేయించుకోండి. కోల్డ్ స్టోరేజీ రసీదు, పట్టాదారు పాస్‌బుక్, అడంగల్, 1బీ లాంటి పొలం రికార్డులు దీనికి జతపడతాయి. వ్యవసాయ ఆదాయానికి ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు కాబట్టి రిటర్ను ఎందుకని చాలామంది వేయరు. నేనైతే వేయమంటాను. పన్ను సున్నా అయినా వ్యవసాయ ఆదాయం ఇంత అని రిటర్నులో పడితే, అది వీసా ఫైల్లోనూ పనికొస్తుంది, ఎడ్యుకేషన్ లోనులోనూ పనికొస్తుంది.

రిజిస్టర్డ్ చిట్ కంపెనీ అయితే పాడుకున్న చీటీ డబ్బు చెక్కుగా ఇస్తుంది, పాస్‌బుక్, చెల్లింపు లెటరు ఉంటాయి. వీధిలో పిన్నిగారి దగ్గర వేసిన చీటీకి ఏ కాగితమూ ఉండదు. దాన్ని వీసా డబ్బుగా లెక్కే వేసుకోకండి. ఆ డబ్బుతో ఇల్లు గడపండి, జీతం, పెన్షన్, అద్దె లాంటివి ఖాతాలో కదపకుండా పెరగనివ్వండి.

ప్రామిసరీ నోటు మీద ఇచ్చిన అప్పు వసూలు చేస్తుంటే బ్యాంకు ట్రాన్స్‌ఫరే అడగండి. అప్పు ఇవ్వడంలో గానీ తీర్చడంలో గానీ 20 వేలు, ఆపైన నగదు చేతులు మారకూడదన్నది చట్టం. ఏ కారణంగానైనా సరే, ఒకరి దగ్గర ఒక్కరోజులో 2 లక్షలు, ఆపైన నగదు పుచ్చుకోకూడదు. సేవింగ్స్ ఖాతాలో ఏడాదిలో 10 లక్షలు నగదు వేస్తే బ్యాంకు ఆ విషయం ఇన్‌కమ్ ట్యాక్స్ శాఖకు తెలియజేస్తుంది. వీసా కోసమని వేసిన డబ్బు నోటీసై తిరిగి రావడం ఇలాగే జరుగుతుంది.

అసలు చిక్కంతా పొలమో స్థలమో అమ్మినప్పుడు. రిజిస్ట్రేషన్ కాగితం మీద ఒక అంకె, చేతికొచ్చిన డబ్బు ఇంకో అంకె. మన దగ్గర ఇదేమీ రహస్యం కాదు. కాగితం మీద లేని భాగాన్ని ఏ వీసా ఆఫీసరుకూ చూపించలేరు, బ్యాంకులో వేసినా జవాబు చెప్పుకోలేరు. పిల్లల చదువు కోసం అమ్ముతుంటే మొత్తం ధర దస్తావేజులో రాయించి ఆర్‌టీజీఎస్‌లోనో డీడీగానో తీసుకోండి. కొనేవాడు స్టాంపు డ్యూటీ పెరుగుతుందని గొణిగితే ధరలో కాస్త తగ్గించినా మీకు నష్టం లేదు.

మేనమామో పిన్నో సాయం చేస్తే గిఫ్ట్ డీడ్ రాయించుకోండి. అమ్మానాన్నల అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఇచ్చే బహుమతికి పన్ను లేదు. స్నేహితుడు ఇస్తే ఏడాదిలో 50 వేలు దాటితే పన్ను పడుతుంది. పెదనాన్న కొడుకు మనకు అన్నే గానీ, ఇన్‌కమ్ ట్యాక్స్ చట్టానికి బంధువు కాడు. ఇక్కడే చాలామంది దొరికిపోతారు.

ఇవన్నీ అయ్యాక ఒక పేజీ నోటు తయారుచేయండి. స్టేట్‌మెంటులో పెద్దగా కనబడే ప్రతి జమకూ ఒక లైను. ఉదాహరణకు: "ఏప్రిల్ 18, రూ. 6,40,000, మిర్చి అమ్మకం, గుంటూరు యార్డు, పట్టీ నకలు 4వ పేజీలో." దాని కింద: "మే 3, రూ. 5,00,000, చిట్ కంపెనీ చెక్కు, చెల్లింపు లెటరు 6వ పేజీలో." ఇలా నాలుగైదు లైన్లుంటే చాలు. ఆఫీసరు మీ కథంతా చదవడు, వేలు పెట్టి చూసుకోడానికి ఓ జాగా కావాలి.

ఇంకో తలనొప్పి పేర్లు. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, బ్యాంకులో ఒక్క అక్షరమే ఉంటుంది, పదో తరగతి మెమోలో పేరు తర్వాత ఇంటిపేరు వస్తుంది. లక్ష్మి అన్న పేరే తీసుకోండి, ఆధార్‌లో ఎక్స్‌తో ఉంటుంది, పాన్‌లో కేఎస్‌హెచ్‌తో ఉంటుంది. పాస్‌పోర్టును ప్రమాణంగా పెట్టుకుని మిగతావన్నీ దానికి తగ్గట్టు మార్పించండి, ముఖ్యంగా బ్యాంకు ఖాతా. అమ్మానాన్నల పేర్లు కూడా పిల్లల పాస్‌పోర్టులో ఉన్నట్టే వాళ్ల ఖాతాల్లో ఉండాలి. లేకపోతే ఆ ఖాతా మీ నాన్నగారిదే అని రుజువు చేసుకోవాల్సి వస్తుంది.

గుంటూరు బ్రాడీపేటలోనూ విజయవాడ బెంజ్ సర్కిల్ చుట్టుపక్కలా తిరిగితే "ఫండ్స్ మేం పెడతాం సార్, నెలకు ఇంత ఇవ్వండి" అనేవాళ్లు తగులుతారు. వాళ్లు మీ పేరున ఖాతా తెరిపించి, సంతకం చేసిన చెక్కులు, ఏటీఎం కార్డు, నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డు తీసుకుని, 28 రోజులు డబ్బు ఉంచి లాగేసుకుంటారు. కొందరు అదీ చేయరు, స్టేట్‌మెంటే దొంగది ముద్రించి ఇస్తారు. పట్టుబడితే ఇంగ్లండ్ పదేళ్లు, కెనడా ఐదేళ్లు రానివ్వవు. అమెరికాలో అది జీవితకాలపు నిషేధం. వాళ్లు తెరిపించిన ఖాతాలో ఆ తర్వాత ఇంకెవరి డబ్బు తిరిగినా జవాబుదారీ మీరే. ఏజెంటు మాత్రం బోర్డు మార్చి పక్క వీధిలో కూర్చుంటాడు.

3. లోను తీసుకుంటుంటే

బ్యాంకుల మామూలు ఎడ్యుకేషన్ లోను పద్ధతిలో 4 లక్షల దాకా తాకట్టు గానీ బయటి హామీదారు గానీ అక్కర్లేదు, 7.5 లక్షల దాకా హామీదారు సరిపోతాడు, ఆపైన ఆస్తి తాకట్టు పెట్టాలి. ఇల్లో ప్లాటో అయితే పని నడుస్తుంది. పొలం చూపిస్తే మాత్రం చాలా బ్యాంకులు మొహమాటపడతాయి. కారణముంది. బాకీ పడితే కోర్టుకు వెళ్లకుండా ఆస్తి వేలం వేసే సర్ఫేసీ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు. కాబట్టి "నాలుగెకరాలుంది, లోనెందుకివ్వరు?" అని మేనేజరుతో పోట్లాడి లాభం లేదు. లింకు దస్తావేజులు, ఈసీ (ఆస్తి మీద బాకీలున్నాయా లేదా చూపే సర్టిఫికెట్), లీగల్ ఒపీనియన్, వాల్యుయేషన్ అన్నీ పూర్తయ్యేసరికి రెండు నెలలు ఇట్టే గడుస్తాయి. అడ్మిషన్ లెటరు కోసం ఆగకుండా దస్తావేజుల పని ముందే మొదలుపెట్టండి.

4. డబ్బు పంపడం

ఇక్కడ ఉన్న ప్రతి మనిషీ ఒక ఆర్థిక సంవత్సరంలో 2,50,000 అమెరికా డాలర్ల దాకా విదేశానికి పంపుకోవచ్చు. ఎల్‌ఆర్‌ఎస్ అంటారు దీన్ని. పాన్ తప్పనిసరి. ఏడాదిలో 10 లక్షలు దాటితే దాటిన భాగం మీద బ్యాంకు టీసీఎస్ అనే ముందస్తు పన్ను పట్టుకుంటుంది. మామూలు పనులకైతే 20 శాతం. చదువుకు, వైద్యానికి రేటు చాలా తక్కువ. ఎడ్యుకేషన్ లోను డబ్బు పంపితే అసలు లేదు. అందుకే ఫారంలో పర్పస్ అన్నచోట "ఫ్యామిలీ మెయింటెనెన్స్" అని అలవాటుగా టిక్కు పెట్టకండి. చదువుకైతే చదువుకనే రాయించి ఫీజు డిమాండ్ లెటరు ఇవ్వండి. పట్టుకున్న టీసీఎస్ పోయిన డబ్బేమీ కాదు, రిటర్నులో సర్దుకోవచ్చు. పంపింది నాన్న పాన్ మీదైతే నాన్నే రిటర్ను వేయాలి.

చేతిలో పట్టుకెళ్లేదైతే విదేశీ నోట్లు 3,000 డాలర్ల దాకా, రూపాయలు 25 వేల దాకా. మిగతాది ఫారెక్స్ కార్డులో. లైసెన్సున్న మనీ చేంజర్ దగ్గరే మార్చుకుని బిల్లు తీసుకోండి.

5. విమానం ఎక్కే ముందు వారం

ఈ వారంలో అందరూ పచ్చళ్ల ప్యాకింగు మీద పెట్టే శ్రద్ధలో పావు వంతు ఫోను నంబరు మీద పెడితే బాగుండు. ఇండియా నంబరే మీ బ్యాంకుకు తాళం. దానికి రోమింగ్‌లో ఎస్సెమ్మెస్‌లు వచ్చేలా ఆన్ చేయించుకుని, చిన్న ప్లానుతో బతికించుకోండి. రీఛార్జి మానేస్తే కొన్ని నెలల్లో ఆ నంబరు కంపెనీ ఇంకొకరికి ఇచ్చేస్తుంది.

కొందరు తెలివిగా ఖాతాకు నాన్న నంబరు పెట్టి వెళ్తారు. ఆ తర్వాత అర్ధరాత్రి ఫోన్లు: "నాన్నా, ఓటీపీ వచ్చిందేమో చూసి చెప్పు." నాన్న కళ్లజోడు వెతుక్కుని, ఆరంకెలూ ఒక్కొక్కటే చదివి చెప్తాడు. ఇందులో ఉన్న ప్రమాదం ఒకటే, ఫోన్లో ఓటీపీ చెప్పడం ఆయనకు మామూలు పనైపోతుంది. రేపు "బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాం" అని ఎవడో అడిగినా అంతే వినయంగా చదివి వినిపిస్తాడు. మీ ఖాతాకు మీ నంబరే ఉంచుకోండి.

పాన్, ఆధార్ లింకయ్యాయా, ఖాతాకు నామినీ ఉన్నారా, నెట్ బ్యాంకింగ్ పనిచేస్తోందా చూసుకోండి. లాకరు ఉంటే ఇంట్లోవాళ్లను జాయింటుగా చేర్చండి. సంతకాలు పెట్టిన ఖాళీ చెక్కులు బీరువాలో వదిలి వెళ్లకండి. అద్దెలు, పొలం పనులు చూసుకోడానికి మనిషి కావాలంటే పవరాఫ్ అటార్నీ ఇక్కడే రిజిస్టర్ చేయించి వెళ్లడం సుఖం. అక్కడికెళ్లాక చేయాలంటే ఎంబసీలో అటెస్ట్ చేయించి పంపాలి, అది ఇండియా చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టించాలి. ఆ గడువు దాటించుకుని రిజిస్ట్రార్ ఆఫీసు చుట్టూ తిరిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు.

పీపీఎఫ్ ఉంటే మూసేయక్కర్లేదు, గడువు దాకా కట్టుకోవచ్చు. ఎన్‌ఆర్‌ఐ అయ్యాక మాత్రం కొత్తది తెరవలేరు.

6. దిగాక అక్కడి ఖాతా

ఖాతాకు అడ్రస్ ప్రూఫ్ కావాలంటారు, ఇల్లు అద్దెకు ఇవ్వాలంటే బ్యాంకు ఖాతా కావాలంటారు. అందరూ ఈ మెలికలో వారం పది రోజులు తిరుగుతారు, టెన్షన్ పడకండి. ఇంగ్లండ్‌లో యూనివర్సిటీయో కంపెనీయో బ్యాంకుకు లెటరు ఇస్తుంది, అదే అడ్రస్ ప్రూఫ్. ఇప్పుడక్కడ వీసా కార్డు రూపంలో కాకుండా ఆన్‌లైన్ ఈ-వీసాగా ఉంటుంది, దాని లాగిన్ వివరాలు జాగ్రత్త. జర్మనీలో ముందు ఊరి ఆఫీసులో చిరునామా నమోదు చేయించుకోవాలి. అమెరికాలో చాలా బ్యాంకులు సోషల్ సెక్యూరిటీ నంబరు లేకుండానే పాస్‌పోర్టు, ఐ-20, అడ్రస్ చూసి ఖాతా తెరుస్తాయి. దుబాయిలో ఎమిరేట్స్ ఐడీ వచ్చాకే ఖాతా. కంపెనీ జీతం జీతాలు బ్యాంకు దారిలోనే పడేలా అక్కడి ప్రభుత్వం పెట్టిన డబ్ల్యూపీఎస్ పద్ధతిలోనే పడుతోందా లేదా చూసుకోండి. జీతం మీద గొడవ వస్తే మీకుండే రికార్డు అదే.

మొదటి నెల ఖర్చు మొత్తం ఫారెక్స్ కార్డులో ఉంచుకుంటే ఈ తిప్పలన్నీ నిదానంగా పడొచ్చు.

7. ఇక్కడి ఖాతాను ఎన్‌ఆర్‌ఓగా మార్చండి

దీన్ని అందరూ వాయిదా వేస్తారు. "182 రోజులు దాటితే కదా ఎన్‌ఆర్‌ఐ?" అంటారు. ఆ లెక్క ఇన్‌కమ్ ట్యాక్స్‌ది. బ్యాంకు ఖాతాలకు వర్తించేది విదేశీ మారకం మీద ఉన్న ఫెమా చట్టం. దాని ప్రకారం ఉద్యోగానికో వ్యాపారానికో వెళ్లినవాళ్లు, ఎప్పుడొస్తామో తెలియకుండా వెళ్లినవాళ్లు దేశం దాటిన దగ్గర్నుంచే ప్రవాసులు. చదువుకు వెళ్లినవాళ్లనూ రిజర్వు బ్యాంకు ఇదే లెక్కన చూస్తుంది. మామూలు సేవింగ్స్ ఖాతాను అలాగే నడపకూడదు.

ఎన్‌ఆర్‌ఓలో ఇక్కడి రాబడి పడుతుంది, అంటే లక్ష్మీపురం ఫ్లాటు అద్దె, పొలం కౌలు, పాత డిపాజిట్ల వడ్డీ. ఈ ఖాతా వడ్డీ మీద బ్యాంకు 30 శాతం, పైన సెస్సు పట్టుకుంటుంది. మీరున్న దేశంతో పన్ను ఒప్పందం ఉంటే అక్కడి ట్యాక్స్ రెసిడెన్సీ సర్టిఫికెట్ ఇచ్చి తగ్గించుకోవచ్చు. ఎన్‌ఆర్‌ఈలో అక్కడి సంపాదన పడుతుంది. దాని వడ్డీకి ఇక్కడ పన్ను లేదు, డబ్బు ఎప్పుడు కావాలంటే అప్పుడు వెనక్కి తీసుకెళ్లొచ్చు. ఎన్‌ఆర్‌ఓ నుంచి బయటికి తీసుకెళ్లాలంటే ఏడాదికి పది లక్షల డాలర్ల పరిమితి, చార్టర్డ్ అకౌంటెంట్ సర్టిఫికెట్, ఇన్నేళ్లుగా 15సీఏ, 15సీబీ పేర్లతో నడిచిన పత్రాల తంతు ఉంటుంది. అందుకని అక్కడి జీతాన్ని తెలియక ఎన్‌ఆర్‌ఓలోకి పంపకండి. లోపలికి వెళ్లడం సులువే, బయటికి రావడానికే కాగితాలు.

పాస్‌పోర్టు, వీసా, అక్కడి చిరునామా ఆధారం, పాన్, ఫొటో ఉంటే చాలు. చిన్న బ్రాంచిలో "ఇది మాకు తెలియదండీ, రేపు రండి" అంటే వాదించకుండా ఎన్‌ఆర్‌ఐ డెస్కు ఉన్న పెద్ద బ్రాంచికి వెళ్లండి. నాన్నను ఎన్‌ఆర్‌ఈలో జాయింటుగా చేర్చుకోవచ్చు, కాకపోతే "ఫార్మర్ ఆర్ సర్వైవర్" పద్ధతిలోనే. అంటే మీరున్నంతకాలం నడిపేది మీరే. నాన్న నడపాలంటే బ్యాంకుకు మాండేట్ (ఖాతా నడిపే అనుమతి పత్రం) ఇవ్వాలి, దాంతో ఇక్కడి ఖర్చులకు ఆయన తీసుకోగలరు. అమెరికా, కెనడా, ఇంగ్లండ్, ఆస్ట్రేలియా, సింగపూర్, గల్ఫ్‌లో యూఏఈ, సౌదీ, ఖతార్, ఒమన్ నంబర్లతో ఈ ఖాతాల మీద యూపీఐ కూడా నడుస్తుంది.

ప్రవాసులు ఇక్కడ వ్యవసాయ భూమి కొనకూడదు. వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. అమరావతి చుట్టూ ఎవరో చెప్పారని బయానా ఇచ్చేముందు ఆ భూమి కాగితాల్లో ఏ రకంగా ఉందో చూడండి.

8. ఇంటికి పంపేటప్పుడు, అమ్మానాన్నలను పిలిపించుకునేటప్పుడు

హుండీలో, అంటే బ్యాంకుతో పనిలేకుండా మనుషుల ద్వారా డబ్బు చేరవేసే దారిలో, రేటు ఎక్కువ వస్తుందని ఆశపడకండి. చట్టవిరుద్ధమన్నది అలా ఉంచినా, ఆ డబ్బుకు కాగితం ఉండదు. ఎన్‌ఆర్‌ఈలోకి రాదు, ఇల్లు కొన్నప్పుడు ఆధారంగా చూపించలేరు, మళ్లీ మొదటి గొడవకే వస్తాం. అమెరికాలో 2026 జనవరి నుంచి నగదు, మనీ ఆర్డరు లాంటివి ఇచ్చి పంపితే 1 శాతం పన్ను పడుతోంది. అక్కడి బ్యాంకు ఖాతా నుంచి పంపితే ఆ పన్ను లేదు. అక్కడ పన్ను లెక్కల్లో రెసిడెంటయిన వాళ్లు ఇండియా ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఎప్పుడైనా 10 వేల డాలర్లు దాటితే ఎఫ్‌బార్ అనే రిపోర్టు పంపాలి. నాన్నతో జాయింటుగా ఉన్న ఖాతా కూడా అందులోకి వస్తుంది.

అమ్మానాన్నల విజిట్ వీసాకు కొడుకు జీతం స్లిప్పులు దండిగా పెట్టి, వాళ్ల కాగితాలు మర్చిపోతారు. ఆఫీసరు ముందు తేల్చుకునేది ఒకటే, వీళ్లు తిరిగి వెళ్తారా లేదా అని. నాన్న పెన్షన్ పడే ఖాతా, ఇంటి పన్ను రసీదు, పట్టాదారు పాస్‌బుక్, ఇక్కడ ఉన్న ఇంకో బిడ్డ వివరం, ఇవి ముందు పెట్టండి. వాళ్ల ఖాతాలో ప్రయాణానికి ముందు మీరు పది లక్షలు వేసి ఉబ్బించకండి. నెలనెలా పంపే అలవాటుంటే అదే స్టేట్‌మెంటులో సహజంగా కనబడుతుంది. పిల్లలు తల్లిదండ్రులకు పంపే డబ్బు మీద ఇక్కడ పన్ను లేదు.

వీసా పొడిగింపుకు ఇండియా నుంచి మళ్లీ ఫండ్స్ తెప్పించాలా అని అడుగుతుంటారు. ఇంగ్లండ్‌లో చెల్లే వీసా మీద 12 నెలలు ఉన్న విద్యార్థి అక్కడే పొడిగించుకుంటే డబ్బు చూపించక్కర్లేదు. మిగతా దేశాల్లో అక్కడి ఖాతాలో జీతం పడుతున్న స్టేట్‌మెంటే మీ బలం.

9. తిరిగి వచ్చేస్తుంటే

శాశ్వతంగా వచ్చేస్తే ఆ విషయం బ్యాంకుకు చెప్పాలి. ఎన్‌ఆర్‌ఓ, ఎన్‌ఆర్‌ఈ రెండూ మామూలు ఖాతాలవుతాయి. అక్కడ దాచిన డబ్బును విదేశీ కరెన్సీలోనే ఉంచుకోవాలంటే ఆర్‌ఎఫ్‌సీ ఖాతా తెరవొచ్చు. గల్ఫ్ నుంచి వచ్చేవాళ్లు మాత్రం ఒక పని ముందు చేయండి. క్రెడిట్ కార్డు, పర్సనల్ లోను పూర్తిగా తీర్చి, బాకీ లేదని బ్యాంకు నుంచి లెటరు తీసుకోండి. వీసా క్యాన్సిల్ చేయించడం, టికెట్ కొనడం ఆ తర్వాతే. కార్డులో చిన్న మొత్తమే కదా అని వదిలేసి వస్తే, ఏళ్ల తర్వాత మళ్లీ వెళ్లినప్పుడు ఎయిర్‌పోర్టులో ఆపొచ్చు. అప్పటికి అది వడ్డీతో చిన్న మొత్తంగా ఉండదు.